ఫీజు రీయింబర్స్‌మెంట్ (తెలంగాణ ఈపాస్): రెన్యువల్ 'పెండింగ్' అని ఉంటే ఎక్కడ అడగాలి? కొత్తగా అప్లై చేసేవాళ్లు ఏం చూసుకోవాలి?

సిద్దిపేట_స్వాతి

అందరికీ నమస్తే. తమ్ముడు బీటెక్ సీఎస్ఈ సెకండియర్. బీసీ-డి, ఎప్‌సెట్ ర్యాంకు 23 వేలు, కన్వీనర్ కోటా. కాలేజీ ఫీజు 1,00,000. రెన్యువల్ కొట్టినం. స్టేటస్‌ల కాలేజీ దగ్గర పెండింగ్ అని చూపిస్తుంది, అకౌంట్ల పైసా పడలే. కాలేజీ వాళ్లేమో మొత్తం లక్ష కట్టు, గవర్నమెంటు ఇచ్చినప్పుడు వాపస్ ఇస్తం అంటున్నరు. అసలు మనం కట్టాల్సింది ఎంత? చెల్లె ఇంటర్ అయిపోయింది, ఆమెకు కొత్తగ చేయాలె. తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

ఫైల్_నంబర్

స్వాతి గారూ, ముందు లెక్క తేల్చుకుందాం. ఇంజినీరింగ్‌లో బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపు ఉంటే కాలేజీ ఫీజు మొత్తం ప్రభుత్వమే ఇస్తుంది. అది దాటితే 35,000. కాలేజీ ఫీజే అంతకంటే తక్కువైతే ఆ తక్కువే. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు షరతు లేదు. మీ తమ్ముడి విషయంలో ఏటా ఇంటి నుంచి కట్టాల్సింది 65,000. కౌన్సెలింగ్ అలాట్‌మెంట్ ఆర్డర్ మీద విద్యార్థి కట్టాల్సిన ట్యూషన్ ఫీజు అని ఒక అంకె ఉంటుంది, అది తీసి దగ్గర పెట్టుకోండి. ఇక కాలేజీతో మాట్లాడేది ఆ కాగితం చేతిలో పట్టుకునే.

రెండోది. అకౌంట్లో పైసా పడలేదు అన్నారు. ఇందులో రెండు వేర్వేరు డబ్బులున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, అది కాలేజీ ఖాతాకు పోతుంది. ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్, అది విద్యార్థి ఖాతాకు వస్తుంది. ఈబీసీలకు ఆర్‌టీఎఫ్ ఒక్కటే, ఎంటీఎఫ్ ఉండదు. కాబట్టి ఖాతాలో ఏమీ పడలేదంటే ఫీజు రాలేదని కాదు. ఫీజు సంగతి తెలియాలంటే ఈపాస్‌లో (స్కాలర్‌షిప్‌ల ప్రభుత్వ వెబ్‌సైట్) అప్లికేషన్ నంబర్ కొట్టి స్టేటస్ చూడాల్సిందే.

ఫైల్_నంబర్

(పై దానికి కొనసాగింపు) 'పెండింగ్' అన్న మాట ఒక్కటే అయినా అది ఎవరి టేబుల్ మీద ఉందో బట్టి అర్థం మారుతుంది. వరుస ఇది: విద్యార్థి రెన్యువల్ కొడతాడు, ప్రింటు తీసి సంతకం చేసి కాగితాలతో కాలేజీలో ఇస్తాడు. కాలేజీ గుమాస్తా హాజరు శాతం, పై తరగతికి వెళ్లాడా లేదా అన్నది ఎక్కిస్తాడు, ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి ముందుకు పంపుతారు. అక్కడి నుంచి జిల్లా సంక్షేమ అధికారి మంజూరు. ఆ తర్వాత బిల్లు, ట్రెజరీ, టోకెన్ (బిల్లుకు ట్రెజరీ ఇచ్చే నంబరు).

కాలేజీ దగ్గర ఉందంటే మూడింటిలో ఒకటి. మీ కాగితాలు అందలేదు. లేదా ఫస్టియర్ రెండో సెమిస్టర్ ఫలితం ఎక్కలేదు. లేదా కాలేజీయే ఆ ఏటి అఫిలియేషన్ కాగితాలు, ఫీజు వివరాలు ఈపాస్‌లో అప్‌డేట్ చేయలేదు. మూడోదైతే ఆ కాలేజీలో ఒక్కరిది కూడా కదలదు. అందుకే తమ్ముడితో పాటు చదివే ఇద్దరు ముగ్గురి స్టేటస్ కూడా కొట్టి చూడండి. అందరిదీ అక్కడే ఉంటే తప్పు కాలేజీది, ఒక్కడిదే ఉంటే కాగితాలది.

టోకెన్ పడ్డాక మాత్రం కాలేజీ చుట్టూ, జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. అక్కడ ఆగేది నిధుల విడుదల దగ్గర.

ఇంకో మాట, చాలామంది సొంత జిల్లా ఆఫీసుకు పోతారు. ఫైలు ఉండేది కాలేజీ ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లాలో. మీది సిద్దిపేట, కాలేజీ మేడ్చల్‌లో అయితే పోవాల్సింది మేడ్చల్ బీసీ సంక్షేమ ఆఫీసుకు.

మీసేవ_కౌంటర్

చెల్లెలి ఫ్రెష్ అప్లికేషన్ గురించి నేను చెబుతాను. తిప్పలన్నీ పేరు దగ్గరే మొదలవుతాయి. ఈపాస్ మీ పేరును మీరు టైపు చేసినట్టు తీసుకోదు. పదో తరగతి హాల్ టికెట్ నంబర్, పాసైన ఏడాది, పుట్టిన తేదీ కొడితే ఎస్సెస్సీ రికార్డు నుంచి తనే లాగుతుంది. తర్వాత దాన్ని ఆధార్‌తో పోలుస్తుంది. మెమోలో 'కె. మౌనిక', ఆధార్‌లో 'కొండపల్లి మౌనిక రాణి' అని ఉంటే అక్కడ కొర్రీ పడుతుంది. ఇంటర్ ఫలితాలు రాగానే చేయాల్సిన మొదటి పని ఆధార్‌ను పదో తరగతి మెమోకు సరిపోయేలా మార్పించుకోవడం. మెమో మార్పించడం బోర్డు పని, నెలలు పడుతుంది. ఆధార్ దిద్దుబాటు తేలిక. పుట్టిన తేదీ కూడా అంతే. కాకపోతే ఆధార్‌లో పుట్టిన తేదీని మాటిమాటికీ మార్చనివ్వరు, కాబట్టి మెమో చూపించి ఒక్కసారే సరిగ్గా చేయించండి.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో తీసుకున్నవే కావాలి. నంబరు కొడితే వివరాలు వాటంతటవే వస్తాయి, అక్కడ తండ్రి పేరు తేడా ఉంటే మళ్లీ చిక్కు. కులం సర్టిఫికెట్ ఒకసారి తీసుకుంటే చాలు. ఆదాయం మాత్రం ఆ విద్యా సంవత్సరానికి చెల్లేది కావాలి, పాతది పెడితే తిరిగొస్తుంది. జూన్, జూలైల్లో తహసీల్దార్ ఆఫీసుల్లో రద్దీ ఎట్లుంటదో తెలిసిందే కదా, ముందే తీసి పెట్టుకోండి.

దరఖాస్తు సబ్మిట్ అయ్యాక పని అయిపోయిందనుకుని చాలామంది ఊరుకుంటారు. ప్రింటు తీసుకుని మీసేవలో వేలిముద్ర వేయాలి. అది పడందే కాలేజీ లాగిన్‌లో ముందుకు కదలదు. బీడీలు చుట్టే ఇళ్లు, పొలం పనికి పోయే పిల్లలకు వేలిముద్రలు అరిగి పడకపోవడం మామూలే. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించి రెండు మూడు రోజులాగి రమ్మని చెబుతుంటాం.

కాలేజీలో ఇవ్వాల్సిన కట్ట: సంతకం చేసిన దరఖాస్తు ప్రింటు, పది, ఇంటర్ మెమోలు, టీసీ, బోనఫైడ్లు, కులం, ఆదాయం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, అలాట్‌మెంట్ ఆర్డర్. అన్నీ జిరాక్సులే, ఒరిజినళ్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఇచ్చినట్టు ఒక కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. గుమాస్తా 'అవసరం లేదమ్మా' అంటాడు, అయినా తీసుకోండి.

పాలమూరు_పిల్లగాడు

అన్నా, నాదొక డౌటు. బీసీ-ఎ, మాది ఊరే. ఇన్‌కమ్ సర్టిఫికెట్ 1,80,000కు వచ్చింది. 2 లక్షల లోపే కదా, రిజెక్ట్ అయిందేంది?

ఫైల్_నంబర్

తమ్ముడూ, ఆ 2 లక్షలు ఎస్సీ, ఎస్టీలకు ఎక్కడున్నా వర్తిస్తుంది. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు మాత్రం పట్టణంలో 2 లక్షలు, ఊళ్లో 1.5 లక్షలు. నీ సర్టిఫికెట్ మీద చిరునామా గ్రామానిది, అంకె 1.5 దాటింది. అందుకే కొట్టేశారు.

తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చేటప్పుడు 'ఎంత రాయమంటారు' అని అడిగితే అలవాటుగా ఒక అంకె చెప్పేస్తుంటారు. అలా కాదు. అమ్మానాన్నల ఆదాయం ఏముంటే అది, భూమి, కూలి, చిన్న కొట్టు విడివిడిగా రాసి ఇవ్వాలి. అన్న సంపాదన అందులో కలపక్కర్లేదు, చూసేది తల్లిదండ్రుల ఆదాయమే. నిజంగా 1.5 దాటితే ఈ దారి మూసుకున్నట్టే. దొంగ అంకె వేయిస్తే విచారణలో దొరికితే మంజూరైన డబ్బు కూడా వెనక్కి కట్టాలి.

చదువుల_చలమయ్య

అర్హత సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, సీటు ఎలా వచ్చిందన్నది ఆదాయం కంటే ముందు చూస్తారు. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్, దూరవిద్య, వీటికి రీయింబర్స్‌మెంట్ లేదు. కాలేజీ ఏజెంటు 'స్పాట్‌లో చేరండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం' అంటే నమ్మకండి. ఆయన చూసుకునేదేమీ ఉండదు.

బ్రాంచి మార్పు (స్లైడింగ్) కన్వీనర్ ద్వారా జరిగితే ఇబ్బంది లేదు. కొత్త అలాట్‌మెంట్ ఆర్డర్ తీసుకుని, ఈపాస్‌లో కోర్సు కొత్త బ్రాంచిదే ఉందో లేదో చూసుకోవాలి. సీఎస్ఈ, సీఎస్ఈ-ఏఐఎంఎల్, సీఎస్ఈ-డేటా సైన్స్ మూడూ వేర్వేరు కోర్సులు. డ్రాప్‌డౌన్‌లో పక్కది నొక్కితే ఫీజు మ్యాచ్ కాదు.

ఒకే స్థాయిలో రెండో కోర్సుకు కూడా ఇవ్వరు. బీకాం ఫీజు ప్రభుత్వం కట్టాక మళ్లీ బీఏలో చేరితే సొంత ఖర్చే. పాలిటెక్నిక్ తర్వాత ఈసెట్‌తో బీటెక్ అయితే వేరు, అది పై మెట్టు. కానీ దాన్ని రెన్యువల్‌గా కాకుండా ఫ్రెష్‌గా చేయాలి. ఇంటర్‌లో స్కాలర్‌షిప్ వచ్చి డిగ్రీలో చేరిన వాళ్లకూ ఇదే.

స్వాతి గారూ, చెల్లెలికి వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక లెక్క వేయండి. ఆమె ర్యాంకు 10,000 దాటితే ప్రభుత్వం ఇచ్చేది 35,000 దగ్గరే ఆగుతుంది, టీఏఎఫ్ఆర్‌సీ (కాలేజీ ఫీజులు ఖరారు చేసే కమిటీ) ఫీజు ఎంత పెంచినా అది కదలదు. ఫీజు 1,00,000 ఉన్న కాలేజీలో నాలుగేళ్లకు ఇంటి మీద పడేది 2,60,000. 1,60,000 ఉన్న కాలేజీలో 5,00,000. కాగితం మీద ఏటా 60 వేల తేడా, ఇంటి మీద పడేది దాదాపు రెట్టింపు.

బ్యాంకు_మిత్ర

ఎంటీఎఫ్ రాని వాళ్లలో ఎక్కువ మందిది సీడింగ్ సమస్య, అంటే ప్రభుత్వ డబ్బు కోసం ఆధార్‌ను బ్యాంకు ఖాతాకు ముడిపెట్టడం. 'ఆధార్ లింకు చేశాం' అని బ్యాంకు చెప్పిందంటే కేవైసీలో నంబరు ఎక్కిందని అర్థం. ప్రభుత్వ డబ్బు రావడానికి అది చాలదు. ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపర్‌లో మీ ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో డబ్బు అక్కడికే పోతుంది. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు, చివర సీడింగ్ అయినదే లెక్క. కాలేజీలో ఈపాస్ కోసం ఎస్‌బీఐలో ఖాతా తీసి, తర్వాత ఫోన్లో ఇంకేదో పేమెంట్ బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు 'సబ్సిడీలు ఇక్కడికి రావాలి' అన్న గడిలో టిక్కు పెడితే, స్కాలర్‌షిప్ ఆ పేమెంట్ బ్యాంకులో పడుతుంది. పిల్లలు పాస్‌బుక్ పట్టుకుని రాలేదని తిరుగుతుంటారు.

మైఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని కనిపిస్తుంది. బ్యాంకు పేరు, యాక్టివ్ అవునా కాదా చూపిస్తుంది. తప్పు బ్యాంకు ఉంటే, కావాల్సిన బ్రాంచిలో సీడింగ్ ఫారం ఇచ్చి 'డీబీటీ (నేరుగా ఖాతాకు వచ్చే ప్రభుత్వ డబ్బు) కోసం మ్యాపింగ్' అని విడిగా చెప్పి రాయించండి.

ఇంకోటి. మైనరుగా ఉన్నప్పుడు తీసిన ఖాతాకు 18 నిండాక కేవైసీ మళ్లీ చేయకపోతే నిలిపేస్తారు. చాలాకాలం లావాదేవీ లేకపోయినా అంతే. డబ్బు వచ్చినా వెనక్కి తిరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు వంద రూపాయలైనా వేసి తీస్తూ ఉండండి.

హన్మకొండ_హాస్టల్

ఎన్‌ఎస్‌పీలో (కేంద్రం స్కాలర్‌షిప్ పోర్టల్) సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కూడ ఉంది కదా, ఏడాదికి 12,000. రెండూ కొట్టుకోవచ్చు, ఏదొస్తే అది. చెల్లెతో చేయించండి.

చదువుల_చలమయ్య

రెండూ కుదరవండీ. ఆ పథకం నిబంధనల్లోనే రాసి ఉంది, రాష్ట్ర స్కాలర్‌షిప్ గానీ ఫీజు మాఫీ, రీయింబర్స్‌మెంట్ గానీ పొందే వాళ్లు దానికి అనర్హులు. ఆధార్ రెండు చోట్లా ఉంటుంది కాబట్టి బయటపడుతుంది. అప్పుడు ఒకటి కాదు, రెండూ ఆగుతాయి.

అది ఎవరికి పనికొస్తుందో చెబుతాను. ఇంట్లో ఆదాయం 2 లక్షలు దాటింది కానీ 4.5 లక్షల లోపు ఉంది, రీయింబర్స్‌మెంట్ రాదు, ఇంటర్‌లో మార్కులు బాగా వచ్చాయి. బోర్డు పరీక్షల్లో తమ గ్రూపులో 80 పర్సెంటైల్ పైన ఉండాలి. పర్సెంటైల్ అంటే శాతం కాదు, పై 20 శాతం మందిలో ఉండటం. ఇంటర్ బోర్డు ఆ జాబితా పెడుతుంది, హాల్ టికెట్ నంబరుతో వెతుక్కోండి. మొదటి మూడేళ్లు ఏటా 12,000, బీటెక్ నాలుగో ఏడాది 20,000. కొత్తగా పెట్టుకునేది ఫస్టియర్‌లోనే, సెకండియర్‌లో గుర్తొస్తే లాభం లేదు.

ముందు ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి, ఫోన్లో ముఖం చూపించి ఆధార్ ధ్రువీకరణ చేస్తే వస్తుంది, చదువు మొత్తానికి అదొక్కటే. దరఖాస్తు పెట్టాక కాలేజీ నోడల్ అధికారి ఆన్‌లైన్‌లో వెరిఫై చేయాలి. ఎక్కువ దరఖాస్తులు పోయేది ఇక్కడే. గడువు దాటితే ఎవరూ ఏమీ చేయలేరు. 'డిఫెక్ట్' అని వెనక్కి పంపితే మెసేజ్ వస్తుంది, ఆ తేదీలోపు సరిచేసి మళ్లీ సబ్మిట్ చేయాలి. రెన్యువల్‌కు ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు.

స్వాతి గారి చెల్లెలికి కన్వీనర్ సీటు వస్తే ఈపాసే మేలు. 35,000కు పైన ఎంటీఎఫ్ కూడా ఉంది, 12,000 కోసం దాన్ని వదులుకోనక్కర్లేదు.

సిద్దిపేట_స్వాతి

చాలా థ్యాంక్స్ అన్నా, మొత్తం రాసుకున్న. తమ్ముడికి ఫస్టియర్ రెండో సెమిస్టర్‌ల హాజరు 68 శాతం వచ్చింది, కాండొనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాసిండు, పాసైండు. దానివల్ల ఆగిందా?

ఫైల్_నంబర్

అయి ఉండొచ్చు. కాండొనేషన్ అన్నది యూనివర్సిటీ ఇచ్చే వెసులుబాటు, పరీక్ష రాయడానికి మాత్రమే. జేఎన్‌టీయూలో 65 నుంచి 75 మధ్య ఉన్నవాళ్లకు దాంతో పరీక్ష రాయనిస్తారు. ఈపాస్‌కు దానితో పని లేదు, అక్కడ 75 శాతం ఉండాలి. అయితే మొదటి సెమిస్టర్ హాజరు ఎంత, గుమాస్తా ఏ అంకె ఎక్కించబోతున్నాడు అన్నది అడగండి. మెడికల్ కారణం ఉంటే ఆ సర్టిఫికెట్ కాలేజీ రికార్డులో ఉందో లేదో చూడండి. అంకె ఎక్కి ముందుకు పోయాక మార్పించడం చాలా కష్టం.

డిటెయిన్ అయితే ఇంకో కథ. ఒక ఏడాది చదువుకు ఒకసారే ఇస్తారు. థర్డియర్ మళ్లీ చదవాల్సి వస్తే ఆ రెండోసారి ఫీజు మొత్తం ఇంటిదే. ఫోర్త్ ఇయర్‌కు పోయాక మళ్లీ రెన్యువల్ చేసుకోవచ్చు. సబ్జెక్టులు మిగిలినా పై ఏడాదికి ప్రమోట్ అయితే చాలు. బ్యాక్‌లాగ్ ఉన్నంత మాత్రాన ఆగదు.

భద్రాద్రి_బాట

ఎస్సీ పిల్లల తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన మాట. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ పథకంలో కేంద్రం వాటా 60, రాష్ట్రం 40. 2021లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాకే వస్తుంది. అందులో ఫీజు భాగం ఉంటే వారం రోజుల్లోపు కాలేజీకి కట్టాలి. ఖాతాలో పెద్ద మొత్తం కనిపించగానే ఎంటీఎఫ్ అనుకుని ఫోను కొనేస్తారు. తర్వాత కాలేజీ అడుగుతుంది. ఏ పద్దు కింద వచ్చిందో స్టేటస్‌లో చూసి, ఫీజుదైతే కట్టి రసీదు తీసుకోండి.

బెజవాడ_బాబాయ్

ఆంధ్రా వాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి తేడా చెప్తున్నా. మన దగ్గర పోర్టల్ జ్ఞానభూమి, ఈపాస్ కాదు. ఆదాయ పరిమితి ఊరైనా పట్నమైనా 2.5 లక్షలు. 2019 తర్వాత వచ్చిన నిబంధనల్లో ఆదాయం ఒక్కటే చూడరు: మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాలు దాటకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు కాకుండా సొంత కారు ఉండకూడదు, పట్నంలో 1,500 చదరపు అడుగులకు మించి ఇల్లు ఉండకూడదు, ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. ప్రభుత్వోద్యోగులూ ఉండకూడదు, వాళ్లలో పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు. తాతగారి పేరున ఉన్న పొలం, ఎప్పుడో అమ్మేసి పేరు మార్పించని కారు, ఇలాంటివి సచివాలయం తనిఖీలో అడ్డం వస్తాయి. అమ్మిన కాగితం, రవాణా శాఖ నుంచి పేరు మారినట్టు పత్రం పట్టుకెళ్లి సచివాలయంలో అభ్యంతరం రాసి ఇవ్వాలి.

పాలమూరు_పిల్లగాడు

గవర్నమెంటు పైసలు ఇయ్యలేదని ఫైనలియర్ అయినోళ్లకు కాలేజీ మెమోలు, టీసీ ఆపుతున్నరు. ఏం చేయాలె?

చదువుల_చలమయ్య

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. కాలేజీల బాధా ఉత్తది కాదు, బకాయిల కోసం 2025 నవంబర్‌లో రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. కానీ ప్రభుత్వం బాకీ పిల్లవాడి బాకీ కాదు.

చేయాల్సింది ఇది. ఈపాస్‌లో ఏడాది వారీగా స్టేటస్ ప్రింటు తీయండి. మంజూరై టోకెన్ పడిన ఏడాదులు, ఇంకా కాలేజీ లాగిన్‌లోనే ఉన్న ఏడాదులు విడదీయండి. రెండో రకం ఉంటే అది కాలేజీ పని, దాన్ని ముందు పంపించమనండి. మొదటి రకానికి ప్రిన్సిపాల్ పేరున దరఖాస్తు రాసి, ప్రింటు జతచేసి, ఇన్‌వర్డ్‌లో ఇచ్చి నంబరు తీసుకోండి. వినకపోతే అదే కాపీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, జిల్లా సంక్షేమ అధికారికి. నోటి మాటగా ఎన్నిసార్లు అడిగినా ఫైలులో ఏమీ ఉండదు.

ఒక్క సందర్భం వేరు. విద్యార్థి తప్పు వల్ల, అంటే రెన్యువల్ చేయక, వేలిముద్ర వేయక ఆ ఏడాది రాకపోతే కాలేజీ అడగడంలో తప్పు లేదు.

సిద్దిపేట_స్వాతి

కాలేజీకి ఫోన్ చేసినం. హాజరు రెండు సెమిస్టర్లు కలిపి 76 వస్తుందట, మెమో జిరాక్స్ ఇయ్యలేదని ఆపిండ్రట. రేపు తమ్ముడు ఇస్తడు. లక్ష గురించి అడిగితే 65 కట్టండి, మిగిలిన 35కు అండర్‌టేకింగ్ రాసియ్యమంటున్నరు. రాయొచ్చా?

ఫైల్_నంబర్

రాయొచ్చు, మాటలు చూసి రాయండి. 'ప్రభుత్వం నుంచి రాకపోతే నేను కడతాను' అని ఉంటే తారీకు ఉండకూడదు. 'నా దరఖాస్తు అనర్హమని తిరస్కరిస్తే కడతాను' అని మార్పించండి, ఆలస్యమైన దానికీ తిరస్కరించిన దానికీ తేడా అందులో ఉండాలి. కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. 65,000 రసీదులో ట్యూషన్ ఫీజు అని విడిగా రాయించండి. యూనివర్సిటీ ఫీజు, ల్యాబు, బస్సు కలిపి ఒకే అంకె వేస్తే, రేపు లెక్క తేడా వచ్చినప్పుడు ట్యూషన్ ఎంత కట్టారో చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

మెమో ఇచ్చిన నాలుగైదు రోజులకు స్టేటస్ కొట్టండి. కాలేజీ దాటి జిల్లాకు చేరితే సరే, లేకపోతే ప్రిన్సిపాల్ లాగిన్‌లో ఆగిందేమో అడగండి. గుమాస్తా ఎక్కించినా అక్కడ అప్రూవ్ నొక్కేదాకా కదలదు.